పెళ్ళి వ్యానులో అంతర్వేది

షూటింగుల్లో హీరోలు కూచునే కారవాన్లు ఈమధ్య మామూలు జనానికి కూడా అద్దెకిస్తున్నారట, లోపలే మంచం, వంటగది, ఏసీ అన్నీ ఉంటాయని మా అక్క కూతురు ఫోన్లో ఫొటోలు చూపించి తెగ ఊరిస్తోంది. దానికేం తెలుసు, మా ఇంట్లో 1992లోనే ఉండేది కారవాన్. ఏసీ లేదు, బాత్రూమ్ లేదు, లోపల నిలబడితే తల టాపుకి తగిలేది, అయినా పధ్నాలుగు మందిమి దాంట్లో వెళ్ళి ఉప్పునీళ్ళ పక్కన కాపురం పెట్టి వచ్చాం.

అది మా పెదనాన్నగారి మెటాడోర్ వ్యాను. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, సీజన్లో పెళ్ళిళ్ళకి తిప్పేవారు, సీజన్ లేనప్పుడు సీట్లు విప్పేసి కొబ్బరికాయల లోడుకి పంపేవారు. తలుపు లాగితే వీధి చివరిదాకా వినపడేది. మామూలుగా మే నెలంటే ఆ వ్యాను ఇంట్లో కనపడేదే కాదు, ఒక పెళ్ళివారిని దింపి ఇంకో పెళ్ళివారిని ఎక్కించుకోడంతోనే సరిపోయేది, పెదనాన్న కూడా దాంతోనే పోయేవారు, ఇంటికొస్తే పడుకోడానికే. కానీ ఆ ఏడు వేసవిలో శుక్ర మూఢం పడింది. పంచాంగంలో మూఢం అంటే ఇంకేముంది, ముహూర్తాలు బంద్. బ్యాండు మేళం వాళ్ళ దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా అందరూ అరుగుల మీద కూచుని పేకాడుకునే కాలం. వ్యాను మా పెరట్లో చింతచెట్టు కింద ఊరికే పడుంది. పిల్లలం దాంట్లోనే అన్నాలు తినేవాళ్ళం, దాంట్లోనే పడుకునేవాళ్ళం, అది చూసి మా బాబాయ్ ఒకరోజు, ఎలాగూ ఇందులోనే పడుంటున్నారుగా, తీసుకుపోయి సముద్రం ఒడ్డున పెడదాం అన్నాడు.

మా ఇళ్ళల్లో ఊరికే ఎక్కడికీ వెళ్ళరండి. మీ ఇళ్ళల్లోనూ అంతే అనుకుంటా. పెళ్ళుండాలి, చావుండాలి, పుష్కరం రావాలి, లేకపోతే మొక్కుండాలి. గాలి మార్పుకి వెళ్తున్నాం అంటే ఊళ్ళో వాళ్ళు, ఏం, డబ్బులు ఎక్కువయ్యాయా అంటారని భయం. అందుకని ఇంట్లో ఎవరి సాకు వాళ్ళు వెతుక్కున్నారు. మామ్మ అయితే, అంతర్వేది నరసింహస్వామిని కల్యాణానికి చూడలేకపోయాను, మాఘమాసంలో మోకాళ్ళ నొప్పులొచ్చాయి, ఇప్పుడు దర్శనం చేసుకోవాలి అంది. పెదనాన్న, అక్కడ కొబ్బరి రేటు కనుక్కోవాలి అన్నారు. మా నాన్నకి నడుం నొప్పి, సముద్రస్నానం చేస్తే పోతుందని ఎవరో చెప్పారట, ఎవరో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. దొడ్డమ్మ, మామ్మని ఒక్కదాన్నే పంపడం బావుండదు కాబట్టి వస్తానంది. మా అమ్మ ఒక్కతే, "నాకు పనేం లేదండీ, ఊరికే కూచోవాలని ఉంది" అంది. ఆ మాటకి ఒక్క క్షణం ఎవరూ ఏం మాట్లాడలేదు. తర్వాత మామ్మే, "సరే, రా, దర్శనం చేసుకుని కూచుందువుగాని" అని సర్దేసింది.

సామాను సంగతి చెప్తే నవ్వుతారు. టాపు మీద రెండు నులకమంచాలు, వంటచెరుకు, ఒక అరటి గెల. లోపల పరుపులు, దోమతెరలు, పెట్రోమాక్స్ లైటు, కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, పప్పులు, అప్పుడే పెట్టిన కొత్తావకాయ జాడీ దొడ్డమ్మ ఒళ్ళోనే, ఎవరికీ ఇవ్వదు, కింద పెట్టదు. గడ్డిలో చుట్టిన మామిడిపళ్ళు. కిటికీలకి అమ్మవాళ్ళ పాత వాయిలు చీరలు కట్టారు. పిన్ని లేసు దారం ఉండా, సూదీ తెచ్చుకుంది, మా వైపు ఆడవాళ్ళు సినిమా హాల్లో కూడా లేసు అల్లుతారు, నర్సాపురం లేసంటే మాటలా మరి.

వ్యాను వెనక అద్దం మీద ఆఖరి పెళ్ళి తాలూకు థర్మాకోల్ అక్షరాలు అలాగే ఉండిపోయాయి. పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురు పేరూ ఎండకి ఊడిపోయాయి గానీ మధ్యలో 'వెడ్స్' మాత్రం గట్టిగా అతుక్కుని ఉంది. నర్సాపురం రేవులో పంటు ఎక్కేటప్పుడు అసలు తమాషా. తెలియనివాళ్ళకి చెప్తున్నా, పంటు అంటే రెండు పడవలు జతచేసి పైన చెక్కలు పరిచి బళ్ళని, మనుషుల్ని, గేదెల్ని అందర్నీ కలిపి వశిష్ఠ గోదావరి దాటించేది, అవతల ఒడ్డు సఖినేటిపల్లి. ఇక్కడ బ్రిడ్జి వస్తుందని నేను పుట్టకముందు నుంచీ చెప్తున్నారు. ఆ పంటు మీద సైకిల్ పట్టుకుని నిలబడ్డ ఒకాయన వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చదివి, లోపలికి తొంగిచూసి "ఆయ్, పెళ్ళికూతురేదండీ?" అన్నాడు. ఎవరో నవ్వుతూ మా అక్కని చూపించారు, దానికి అప్పుడు పదమూడేళ్ళు, ఏడుపొకటే తక్కువ. ఇంకో ముసలాయనకి కోపం వచ్చింది, మూఢంలో పెళ్ళేంటయ్యా, మరీ విడ్డూరం కాకపోతే, మీకు పెద్దవాళ్ళు లేరా అని పెదనాన్నని కడిగేశాడు. మామ్మ కిటికీలోంచి చీర పక్కకి తీసి, "ఉన్నానండీ, నేనే పెద్దదాన్ని" అంది. పంటు అవతలి ఒడ్డు చేరేదాకా ఆయనకి మా వంశం చరిత్ర మొత్తం చెప్పింది.

అంతర్వేదిలో దర్శనం ఎంత త్వరగా అయిందో చెప్పాలి. మామ్మ ముందే షరతు పెట్టింది, స్వామి దర్శనం అయ్యేదాకా ఎవరూ నీచు ముట్టకూడదు అని. ఇంకేముంది, ఇంట్లో ఎనిమిదింటికి గానీ లేవని మా బాబాయ్ తెల్లారకుండా లేచి అందర్నీ లేపాడు. గుర్రాలక్క గుడికి వెళ్ళి, స్వామి దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, పది గంటలకల్లా పల్లిపాలెంలో చేపల బేరం ఆడుతున్నారు అన్నదమ్ములు ముగ్గురూ. ఇందులో భక్తి ఎంత, కొయ్యంగల పులుసు ఎంత అన్నది నన్ను అడక్కండి.

మేం బండి పెట్టిన చోటు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. ఒకపక్క సరుగుడు తోట. ఎదురుగా నీళ్ళు, చెరువంత వెడల్పు, అలల్లేవు. దానికి అవతల పొడుగాటి ఇసక దిబ్బ, ఆ దిబ్బకి అవతల సముద్రం హోరు. దిబ్బకి ఒక మూల సన్నగా మొగ ఉంది, సముద్రం అందులోంచి రోజుకి రెండుసార్లు లోపలికొస్తుంది, రెండుసార్లు వెనక్కి పోతుంది. మొదటిరోజు సాయంత్రం మేం చూసినప్పుడు నిండా నీళ్ళు. పొద్దున్న లేచేసరికి ఏవీ? కనుచూపు మేర నల్లటి బురద, మధ్యలో చిన్న పాయ. మా తమ్ముడు, "ఎవరో తూము తీసేశారు" అని కేకలు పెట్టాడు. కాలవలూ తూములూ చూసి పెరిగినవాడు, వాడికి నీళ్ళు పోడం అంటే తూము తీయడమే.

మామ్మ మాత్రం ఆ నీళ్ళు చూడగానే ఇదే రక్తకుల్య అని తేల్చేసింది. రక్తవిలోచనుడనే రాక్షసుడు, వాడి ఒంట్లోంచి నేలమీద పడ్డ ఒక్కో నెత్తురుబొట్టుకీ ఒక్కో రాక్షసుడు పుట్టుకొస్తుంటే, అశ్వారూఢాంబిక అమ్మవారు, అదే మా గుర్రాలక్క, నెత్తురు నేల తాకకుండా నాలుక చాపి పట్టిందని, స్వామి వాణ్ణి చంపేశాక ఆ నెత్తురే రక్తకుల్య నదై పారిందని కథ. కరెంటు లేని చీకట్లో, నీళ్ళ పక్కన, మంచం మీద కూచుని మామ్మ ఆ కథ చెప్తుంటే మేం కాళ్ళు కిందకి పెట్టలేదు. అసలు రక్తకుల్య ఇదేనా ఇంకో పాయా అని పెదనాన్న అనుమానం వెళ్ళబుచ్చితే, "నీకు తెలుసా, నాకు తెలుసా?" అంది. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

పాటు తీసినప్పుడు, అంటే నీళ్ళు వెనక్కి పోయినప్పుడు, ఆ బురదలో పిల్లలకి పండగే. చేతి వేలంత చేపలు నీళ్ళు లేకపోయినా బురదమీద గెంతుకుంటూ పోతాయి, దగ్గరకెళ్తే కళ్ళు పైకి తేలేసి చూసి టక్కున కన్నంలో దూరతాయి. ఒక చెయ్యి పెద్దది, ఒక చెయ్యి చిన్నదిగా ఉండే పీతపిల్లలు వందలకొద్దీ, మేం అడుగేస్తే అన్నీ ఒక్కసారి మాయం, కదలకుండా నిలబడితే మళ్ళీ ఒక్కోటే బయటికొచ్చి పెద్ద చెయ్యి ఊపుతాయి. ఒడ్డున మడచెట్లు, వాటి వేళ్ళు కిందకి పోకుండా బురదలోంచి పైకి లేచి ఉంటాయి, అరికాలికి గుచ్చుకుంటే ప్రాణం పోతుంది. పల్లిపాలెం తాత ఒకాయన చెప్పాడు, అవి గాలి పీల్చుకోడానికట, నీళ్ళలో బురదలో ఊపిరాడదు కాబట్టి. పక్కనున్న ఇంకో చెట్టు చూపించి, అది తిల్ల, దాని పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయి, కొమ్మ విరవకండి అన్నాడు. అంతే, మా తమ్ముడు తిరిగి వచ్చేదాకా ఏ చెట్టునీ ముట్టుకోలేదు, సరుగుడు చెట్టుకి కూడా దూరంగా నడిచేవాడు.

ఆ తాత భార్య రోజూ మండపీతలు తెచ్చేది. డెక్కలు రెండూ ఒంటికి ఆన్చి తడిగడ్డి తాడుతో కట్టేసి ఉండేవి, అయినా కళ్ళు మాత్రం అటూ ఇటూ తిప్పుతూనే ఉండేవి. బేరం మా పెదనాన్న ఆడేవారు, ఆవిడ ఆయన చెప్పింది వినేసి, "ఆయ్, అలాగే బాబుగారూ" అని తన రేటుకే ఇచ్చి వెళ్ళిపోయేది. నీళ్ళ సంగతి కూడా ఆవిడే నేర్పింది. తాగేనీళ్ళకి ఊళ్ళోకి పోవాలనుకుంటుంటే, దిబ్బమీద తాడిచెట్టు పక్కన చేత్తో చెలమ తీసి చూపించింది, మోకాలి లోతు తవ్వేసరికి నీళ్ళు ఊరాయి, తియ్యగా ఉన్నాయి. నాన్న ఇంకా ఎక్కువ వస్తాయని పార తీసుకుంటే, "ఒద్దండి బాబూ, లోతెడితే ఉప్పు తగిలిపోద్దండి" అంది. వాననీళ్ళు తేలిక కాబట్టి ఇసకలో ఉప్పునీళ్ళ మీద తేలి ఉంటాయట, ఇది నేను చాలా ఏళ్ళ తర్వాత ఇంటర్లో చదివాను. ఆవిడ ఏ ఇంటర్లో చదివిందో.

ఇక మా అమ్మ. ఇది రాద్దామనే అసలు మొదలెట్టాను, ఎటో పోయాను. ఇంట్లో అమ్మ కూచోడం నేను చూడలేదు. కూచుంటే చేతిలో చాటో కత్తిపీటో ఉండేది. అక్కడ మూడోరోజో నాలుగోరోజో, మధ్యాహ్నం వంట అయిపోయాక, రోహిణి కార్తె ఎండలో కూడా సరుగుడు నీడన సముద్రపు గాలి చల్లగా కొడుతుంటే, చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఒడ్డున కూచుంది. నేను పక్కనే. నీళ్ళలో ఒక మడాకు, పచ్చగా పండిపోయింది, లోపలికి కొట్టుకొస్తోంది. పోటు ఎక్కుతోందన్నమాట. అమ్మ దాన్నే చూస్తోంది. కాసేపటికి అది మెల్లగయింది. ఇంకాసేపటికి ఆగింది. అటూ పోదు, ఇటూ పోదు, ఉన్నచోటే కొంచెం తిరుగుతోంది. దొడ్డమ్మ వెనకనుంచి "అమ్మాయ్, టీ పెడదామా" అంది. అమ్మ పలకలేదు. పిన్ని లేసు అల్లుతూ, "అక్కా, పిలుస్తున్నారు" అంది. "ఉండవే, తిరుగుతోంది" అంది అమ్మ. ఆకు మెల్లగా మొగ వైపు కదిలింది, ఇంకాస్త జోరందుకుంది, మలుపు తిరిగి కనపడకుండా పోయింది. అప్పుడు లేచింది. టీ దొడ్డమ్మే పెట్టేసింది, ఏమీ అనలేదు కూడా. మర్నాడు అదే వేళకి దొడ్డమ్మ కూడా వచ్చి కూచుంది, కానీ పోటు రోజూ ముప్పావుగంట పైన ఆలస్యంగా వస్తుంది కదా, నీళ్ళింకా తిరగలేదు. ఇద్దరూ అలా చాలాసేపు కూచున్నారు, ఆరోజు టీ అందరికీ ఆలస్యం. మగవాళ్ళు గొణుక్కున్నారు గానీ గట్టిగా ఎవరూ అనలేదు.

తిరుగు ప్రయాణం ముందు రాత్రి అమావాస్య. అంతకు రెండ్రోజుల ముందే తాత వచ్చి చెప్పాడు, "అమాస దగ్గరకొచ్చేసిందండి, పోటు పెద్దదొచ్చేత్తాదండి, బండి ఆ మెరకమీదెట్టుకోండి బాబూ" అని. పెదనాన్నకి అహం. ఇరవయ్యేళ్ళ నుంచి బండి నడుపుతున్నాను, ఎక్కడ పెట్టాలో నాకు తెలీదా అన్నారు. పైగా మెరకమీద ఇసక మెత్తగా ఉంది, చక్రాలు దిగడిపోతాయి, ఇక్కడ గట్టిగా ఉంది అని లాజిక్. గట్టిగా ఎందుకుందో ఆలోచించలేదు మరి, నీళ్ళు తొక్కిన నేల కాబట్టే గట్టిగా ఉంది.

అర్ధరాత్రి ఎప్పుడో మెలకువొచ్చేసరికి కింద గళగళమని చప్పుడు. మామ్మ, పిల్లలం వ్యానులో, మిగతావాళ్ళు బయట మంచాల మీదా చాపల మీదా. చాపల మీదవాళ్ళు అప్పటికే తడిసి లేచారు. పెట్రోమాక్స్ ఎత్తి చూస్తే చుట్టూ నీళ్ళే, వ్యాను చక్రాలు సగం మునిగాయి, మా నాన్న చెప్పు ఒకటి తేలిపోతోంది, వంటగిన్నెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ తోట వైపు ప్రయాణం కట్టాయి. పెదనాన్న లుంగీ పైకెత్తి కట్టుకుని నీళ్ళలో కొంగలా నిలబడి, ఎవరూ కంగారు పడకండి, ఎవరూ కంగారు పడకండి అని ఆయనొక్కరే కంగారు పడుతున్నారు. బండి స్టార్టవదు. సెల్ఫ్ కొడితే ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. మాకేమో ఇంతకన్నా ఆనందం లేదు, పడవలో ఉన్నట్టే ఉంది, కిటికీలోంచి చెయ్యి పెట్టి నీళ్ళు కొడుతున్నాం. మామ్మ లేచి కూచుని, కిందకి చూసి, దణ్ణం పెట్టుకుని, "స్వామి పంపించాడు, స్నానం ఇక్కడికే వచ్చింది" అని మరచెంబుతో నీళ్ళు తీసుకుని నెత్తిన చల్లుకుంది. అవి ఎక్కడిదాకా వస్తాయో ఏంటో అన్న బెంగ ఆవిడకి లేనేలేదు.

పెదనాన్న పిలవలేదు, పిలవరు కూడా. బాబాయ్ వెళ్ళి తీసుకొచ్చాడు, తాత, ఇంకో ఆరేడుగురు కుర్రాళ్ళు, వలతాడు పట్టుకుని. తాత ఒక్కమాట కూడా దెప్పలేదు. చక్రాల కింద కొబ్బరిమట్టలు దోపించి, తాడు ముందుకి కట్టించి, "ఇప్పుడు లాగద్దు, పోటు తిరగనియ్యండి, నీరే తోడొత్తాది" అన్నాడు. అందరూ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి బీడీలు కాల్చుకున్నారు. అమ్మవాళ్ళు వ్యాను మెట్టు మీద స్టవ్వు పెట్టి టీ కాచి అందరికీ ఇచ్చారు. నీళ్ళు తగ్గుముఖం పట్టాక ఒక్కసారి హైలెస్సా అని లాగారు, బండి మెరకెక్కేసింది. డబ్బులిస్తే తాత తీసుకోలేదు, కొత్తావకాయ అడిగాడు. దొడ్డమ్మ జాడీ మూత తీసింది. ఆవిడ తీసిందంటే అర్థం చేసుకోండి.

ఉప్పునీళ్ళు బండిని ఊరికే వదల్లేదు. వచ్చాక కాలవగట్టున పెట్టి ఎన్నిసార్లు కడిగించినా అడుగు రేకు తుప్పు తినేసింది, చిల్లుల్లోంచి రోడ్డు కనపడేది, పెళ్ళివారి పట్టుచీరలకి దుమ్ము అని గొడవలు. 1996 నవంబరు 6 తుఫాను రోజు అది కొబ్బరి లోడుకని కోనసీమలో ఒక తోటలో ఉంది, దానిమీద చెట్టు పడింది. డ్రైవరు ఆ ఇంట్లోవాళ్ళతో కలిసి డాబా మీదకి చేరి బతికాడు. ఆ తుఫానుకి వెయ్యిమందికి పైగా పోయారు, కోనసీమలో తోటలకి తోటలు నేలమట్టమయ్యాయి, అలాంటప్పుడు వ్యాను పోయిందని ఎవరేడుస్తారు. పాత ఇనుముకి అమ్మేశారు.

శుక్రుడి లెక్క ఒకటుందండి, ఎనిమిదేళ్ళకోసారి మళ్ళీ దాదాపు అవే తారీఖులకి సూర్యుడి వెనక్కి పోతాడు. అంటే ఎనిమిదేళ్ళకోసారి వేసవి సెలవుల్లో మూఢం గ్యారంటీ. 2000లో మామ్మ పంచాంగం పట్టుకుని, ఈ ఏడు వెళ్దామా అంది, ఎవరికీ కుదర్లేదు. 2008కి మామ్మ లేదు. 2016లో అమెరికా నుంచి మా తమ్ముడు రావాలి, రాలేదు. 2024లో మాత్రం రెండు కార్లలో కదిలాం, అదే పంటు, అదే రేవు, బ్రిడ్జి ఇంకా వస్తూనే ఉంది. గుళ్ళో కొత్త రథం చూశాం, పాతది 2020లో తగలబడిపోయింది కదా. మేం బండి పెట్టిన చోటు వెతుక్కుంటూ పోతే సరుగుడు తోట లేదు, రొయ్యల చెరువులు, ఏరేటర్లు టపటపా తిరుగుతున్నాయి, అవతల దిబ్బ మాత్రం ఉంది, మొగ ఇంకాస్త పక్కకి జరిగినట్టుంది. అమ్మకి డెబ్భై దాటాయి, మోకాళ్ళు వంగవు, కారు డోరు తెరిచి సీట్లోనే పక్కకి తిరిగి కూచుంది. నీళ్ళు ఎక్కుతున్నాయా దిగుతున్నాయా అని అడిగింది. నేను చూసి, దిగుతున్నాయి అన్నాను. "కాదు, ఎక్కుతున్నాయి, సరిగ్గా చూడు" అంది. మా అక్క దిగుతున్నాయంది, బాబాయ్ ఎక్కుతున్నాయన్నాడు, డిండి రిసార్టులో గదికి చెక్ఇన్ టైమ్ అయిపోతోందని డ్రైవరు హారన్ కొట్టేదాకా అదే గొడవ.

వచ్చేది 2032. టెంపో ట్రావెలర్ తీసుకుందామా, ఆ ఏసీ కారవానే మాట్లాడుకుందామా అని ఫ్యామిలీ గ్రూపులో ఇప్పట్నుంచే కొట్టుకుంటున్నారు. పెదనాన్నకి తొంభై దగ్గర పడుతున్నాయి. మొన్న ఫోన్ చేసి, ఏ బండైనా పర్లేదు గానీ ఎక్కడ పెట్టాలో నేను చెప్తాను అన్నారు.